కర్త లేని వాక్యం

గురువారం సాయంత్రం ఆరున్నర.
రన్‌కార్న్‌లో, లైబ్రరీ పై అంతస్తు.
హీటరు పక్క కుర్చీ కోసం చిన్న తగువు.
అది తీరాక గ్లెనిస్ బోర్డు మీద
ఒక్క మాట రాసింది: పొల్యూట్.
"ఇది క్రియ. రోజువారీ ఇంగ్లీషులో వాడండి.
పుస్తకాలు మూసేసి."

హలీనాయే ముందు చెయ్యెత్తింది, ఎప్పటిలాగే.
"పైవాటా కుర్రాడి పాటలు
నా ఆదివారాన్ని పొల్యూట్ చేస్తాయి."
అర్థమవుతోంది గానీ
ఇక్కడ ఎవరూ అలా అనరమ్మా, అంది గ్లెనిస్.

టెస్ఫాలెం లేచి నిలబడ్డాడు.
"చక్కెరనుకుని ఉప్పు వేసి
నా టీని నేనే పొల్యూట్ చేసుకున్నాను."
కప్పు టీకి అంత మాటా?
పసివాడికి తాత కోటు తొడిగినట్టుంది.
"మరి ఎన్ని నీళ్లకి సరిపోతుంది, టీచర్?"
ఆమె కిటికీ వైపు చూసింది.
పోటు తీసేసిన మెర్సీ నది
బురదంతా బయటపెట్టుకుని పడుకుని ఉంది.
"అన్నిటికి," అంది.

తర్వాత కర్మణి ప్రయోగం.
నది పొల్యూట్ చేయబడింది.
ఎవరి చేత?
"అది మీ ఇష్టం. చెప్పకపోయినా వాక్యం పూర్తే."

ఈ ముక్క ఆమె బడిలో నేర్చుకున్నది కాదు.
పంతొమ్మిదో ఏట, క్లోరిన్ ఫ్యాక్టరీ ఆఫీసులో,
మేనేజరు చెబుతుంటే టైపు కొట్టిన ఉత్తరాల్లో
వేళ్లకి అంటుకున్నది.
నీటి నాణ్యత ప్రభావితమైనట్లు గమనించబడినది.
తగు చర్యలు తీసుకొనబడుచున్నవి.
ఒక్కోదానికి మూడు కార్బన్ కాపీలు.
ఆరేళ్లు కొట్టింది.
ఒక్క ఉత్తరంలోకీ ఒక్క మనిషీ
అడుగుపెట్టిన పాపాన పోలేదు.

కర్త తప్పుకుంటే
వాక్యంలో మిగిలేది కర్మే.
ఆ కర్మ ఒడ్డునే వాళ్ల నాన్న
ఆదివారాలు గాలం వేసుకు కూర్చునేవాడు.
ఏమీ పడేది కాదు.
అయినా ఇంటికొచ్చి
ఖాళీ బుట్టని కడిగి ఆరబెట్టేవాడు.

తాళాల గుత్తితో గుమ్మంలో నిలబడ్డ సిరిల్
ఉండబట్టలేక అందుకున్నాడు:
"డెబ్బై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నా.
ఆ మాట టీవీలో విన్నాను గానీ
మనిషి నోట వినలేదు.
మా అమ్మ 'అదిగో, కంపు' అనేది.
గాలి ఇటు తిరిగిందంటే
దండెం మీది బట్టలు పరుగున లోపలికి తెచ్చేది.
అంతే మా ఇంగ్లీషు."

అందరూ నవ్వారు. రెబ్వార్ ఇంకా రాస్తూనే ఉన్నాడు.
కార్లు కడిగే చోట పని.
నాని నాని తెల్లబారిన వేళ్లు, పగిలిన కొసలు,
పెన్ను జారిపోతుంటే మళ్లీ పట్టుకుంటూ.
తన వంతు రాకముందే చదివేశాడు:
"రోజూ నలభై కార్లు కడుగుతాను.
సబ్బు, నూనె, నల్లటి నీళ్లు
డ్రెయిన్‌లోకి చీపురుతో తోస్తాను.
ఐ పొల్యూట్ ది రివర్."

వర్తమాన కాలం. అలవాటుని చెప్పే వాక్యం.
దేని చోట్లో అది ఉంది.
గ్లెనిస్ ఎర్ర పెన్ను మూత తీసింది,
మళ్లీ పెట్టేసింది.
"వెరీ గుడ్" అనబోయి
నోట్లోనే ఆపుకుంది.
కాగితం మీద ఆ 'ఐ'
ఒంటి గీత, నిటారుగా.
దాని వెనక దాక్కోవడానికి
ఎవరికీ చోటు చాలదు.

"మరి అక్కడికి తొయ్యమన్నది మీ యజమాని కదా?
వాక్యంలో ఆయన పేరేది?"
రెబ్వార్ కాసేపు ఆలోచించాడు.
"ఆయన కర్త కాదు, టీచర్.
ఓనరు."

ఎనిమిదింటికి కుర్చీలు సర్దారు.
హలీనా, టెస్ఫాలెం బస్సుకని పరిగెత్తారు.
బోర్డు తుడిచిన తడిగుడ్డని
గ్లెనిస్ సింకులో పిండింది.
నీలం నీళ్లు చుట్టు తిరిగి
జల్లెడలోంచి జారిపోతుంటే
చప్పున కొళాయి కట్టేసింది.
"సిరిల్, ఇవి ఎటు పోతాయి?"
"కిందికి," అన్నాడతను
లైట్లు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ.